ఈ పిల్లలకి మేనమామ ఎవరు? – మలావీలో ఒక అనాథాశ్రమం మొదలైన తీరు, మారిన తీరు

ఆఫ్రికాలో అనాథ పిల్లలకి ఏదైనా చేయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగే మనవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళకి విడివిడిగా జవాబు చెప్పే బదులు, నేను మూడేళ్ళు దగ్గరుండి పనిచేసిన ఒక చిన్న సంస్థ గురించి వివరంగా రాస్తే మేలనిపించింది. ఊరు, జిల్లా, స్థాపకుల దేశం, సంస్థ పేరు చెప్పడం లేదు. పిల్లల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొంచెం మార్చాను. మేం తీసుకున్న నిర్ణయాలు, చేసిన తప్పులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

2003లో యూనిసెఫ్ ఒక అంకె చెప్పింది. సహారాకి దిగువనున్న ఆఫ్రికాలో ఎయిడ్స్ వల్ల అనాథలైన 15 ఏళ్ళలోపు పిల్లలు కోటీ పది లక్షల మంది. ఆ అంకె విని కదిలిపోయిన వాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అయితే ఆ లెక్కలో ‘అనాథ’ అంటే తల్లీతండ్రీ ఇద్దరూ లేని బిడ్డ ఒక్కరే కాదు. తల్లి గానీ తండ్రి గానీ, ఒక్కరు పోయినా అనాథే. ఈ తేడా చాలామందికి అందలేదు. మా స్థాపకురాలికీ అందలేదు.

ఆమె రిటైరైన నర్సు. 2003లో తమ చర్చి వాళ్ళతో కలిసి మలావీ మధ్య ప్రాంతానికి వెళ్ళింది. 2001–02 కరువు దెబ్బ నుంచి పల్లెలు ఇంకా తేరుకోలేదు. ఒక ఆసుపత్రి వరండాలో ఎనిమిదేళ్ళ పిల్లాడు తన చెల్లెలికి వేలితో ఫాలా (మొక్కజొన్న జావ) తినిపిస్తున్నాడట. వాళ్ళమ్మ అంతకుముందు రాత్రే లోపల చనిపోయింది. ఆ పిల్లాడు గిన్నె అడుగు వరకు చెల్లికే పెట్టి, చివరికి వేలు తాను చప్పరించాడని ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఇంటికి వెళ్ళాక కూడా ఆమెకి ఆ దృశ్యం మనసులోంచి పోలేదు. చుట్టాల దగ్గర, చర్చిలో చందాలు పోగుచేసింది. ఆమె భర్త తాపీపని తెలిసిన మనిషి. ఆ ఊరి రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు ఊరి పెద్దతో మాట్లాడి స్థలం ఇప్పించారు. 2004లో 24 మంది పిల్లలకి ఇటుకల ఇల్లు లేచింది. ఇటుకలు చాలావరకు ఆ భర్తే స్వయంగా పేర్చారు.

ఈ మొదలులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కళ్ళ ముందు పిల్లలు ఆకలితో ఉంటే అన్నం పెట్టి, తల దాచుకోవడానికి చోటు చూపించారు. నేను అక్కడుంటే నేనూ అదే చేసేదాన్ని.

నన్ను పిలిచిన కారణం

2007లో వెళ్ళాను. అప్పటికి ఇంట్లో 41 మంది ఉన్నారు. బయట అరవై పేర్ల జాబితా ఎదురుచూస్తోంది. రెండో భవనం కట్టడానికి ఒక దాత డబ్బు ఇస్తామన్నారు, గడువు పెట్టారు. ఏ పిల్లల్ని ముందు తీసుకోవాలో ఒక పద్ధతి తయారుచెయ్యాలి, ఆయాలకి శిక్షణ ఇవ్వాలి. నాకు అప్పగించిన పని ఇంతే.

నేను అంతకుముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాలల గృహాల్లోనూ సంక్షేమ హాస్టళ్ళతోనూ పనిచేశాను. హాస్టల్లో పిల్లని వదిలి వెళ్ళే తల్లిని చూసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. ఆ తల్లి పిల్లని వదిలించుకోవడం లేదు. మూడు పూటలా తిండి, చదువు దొరుకుతాయని గుండె రాయి చేసుకుని అప్పగిస్తోంది. అరవై పేర్ల జాబితా చూడగానే నాకు మా హాస్టళ్ళ గేటు దగ్గర జూన్ నెలలో కనిపించే వరసే గుర్తొచ్చింది.

రిజిస్టరు తెరిచాను. ‘తల్లిదండ్రులు’ అన్న గడిలో వరసగా ఒకటే మాట, ఒకటే చేతిరాత: ‘మసియే’. ఆ ప్రాంతంలో మాట్లాడే చిచేవా భాషలో మసియే అంటే అనాథ, అంతేకాదు, అయినవాళ్ళని పోగొట్టుకున్న మనిషి కూడా. భర్త పోయిన ఆడమనిషికీ ఆ మాటే వాడతారు. ఇంటికి బిడ్డని తెచ్చినప్పుడు గుమాస్తా ‘మసియేనా?’ అని అడిగేవాడు. అవునని చెప్పేవాళ్ళు. అది అబద్ధమేమీ కాదు.

కాబట్టి నేను బోర్డుకి చెప్పిన మొదటి మాట: ఒక్క ఇటుక పెట్టకముందు ఈ 41 మంది ఇళ్ళకీ వెళ్ళొద్దాం. వాళ్ళకి నచ్చలేదు. దాత గడువు దాటిపోతే డబ్బు పోతుందని టెన్షన్. నా వాదన ఒకటే. జాబితాలో ఉన్న అరవై మంది ఎవరో తెలియాలంటే ముందు లోపలున్న 41 మంది ఎలా వచ్చారో తెలియాలి. అది తెలియకుండా పద్ధతి తయారుచేస్తే అది గాలిలో మేడే. చివరికి హెడ్‌మాస్టరు గారు నా పక్కన నిలబడ్డారు. మూడు నెలల టైమ్ ఇచ్చారు.

ఆ మూడు నెలలూ సైకిల్ వెనక కూర్చుని తిరిగాను. తేలింది ఇది: 9 మందికి తల్లి బతికే ఉంది. 15 మందికి తల్లి పోయినా తండ్రి ఉన్నాడు. ఇద్దరూ లేనివాళ్ళు 17 మంది. ఆ 17 మందిలో కూడా, ఎంత వెతికినా నా అనేవాళ్ళెవరూ దొరకని పిల్లలు నలుగురే.

ఒక అవ్వ ఇంటికి వెళ్ళిన రోజు చెప్పాలి. వాకిట్లో కూర్చుని మొక్కజొన్న కంకులు వొలుస్తోంది. ఒక ఎండు కంకి బెండుతో ఇంకో కంకిని రుద్దుతూ గింజలు రాల్చేది. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు. ఆమె మనవడు మా దగ్గర ఉన్నాడు. ఇంకో నలుగురు మనవలు ఆమె దగ్గరే ఉన్నారు. వీడొక్కణ్ణే ఎందుకు పంపావని అడిగాను.

“మీ ఇంట్లో ఖాళీ ఒక్కటే ఉందన్నారమ్మా. అందరిలో వీడే చిన్నవాడు. ఇక్కడుంటే ఒక పూట, అక్కడ మూడు పూటలు, బడి, బూట్లు. వీణ్ణి ఇక్కడే ఉంచుకుంటే వీడికి అన్యాయం చేసినదాన్ని కానా?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మేం కట్టిన ఇల్లు ఆమె ప్రేమ ముందు ఒక పరీక్ష పెట్టింది. బిడ్డని ఇవ్వడమే ఆమెకి మంచి అమ్మమ్మ చేసే పనిగా కనిపించింది. 2003 నాటి యూనిసెఫ్ నివేదికలోనే ఇంకో మాట కూడా ఉంది. ఆ ప్రాంతంలో అనాథల్లో 90 శాతానికి పైగా పిల్లల్ని సాకుతున్నది చుట్టాలే. ఈ మాట మాత్రం అంత దూరం ప్రయాణించలేదు.

చేసిన ప్రయత్నాలు, దెబ్బతిన్నవి

మొదటి ఆలోచన నాదే. తల్లీతండ్రీ ఇద్దరూ లేని పిల్లల్నే తీసుకోవాలి. చాలా సులువైన నియమం, అందరికీ అర్థమవుతుంది, ఎవరికీ మినహాయింపు ఉండదు అనుకున్నాను.

నాలుగు నెలల్లో పల్లెల్లో తండ్రులు మాయమయ్యారు. అంటే, మాటల్లో మాయమయ్యారు. ఏడేళ్ళ పిల్లాణ్ణి వాళ్ళ పిన్ని తీసుకొచ్చింది. అక్క పోయింది, బావ పోయాడు అంది. చేర్చుకున్నాం. ఆమె నెలకోసారి చూడటానికి వచ్చేది. పిల్లాడు ‘పిన్నీ’ అనే పిలిచేవాడు. అయిదో నెలలో వాడికి మలేరియా జ్వరం వచ్చింది. అర్ధరాత్రి ఆయా తడిగుడ్డ వేస్తుంటే, ఆ ‘పిన్ని’ పేరు చెప్పి, ఆ పేరు ముందు ‘అమాయి’ (అమ్మ) అని పెట్టి పిలిచాడు. పొద్దున్న జ్వరం తగ్గాక నిజం చెప్పినందుకు కొడతారేమోనని వణికిపోయాడు. అయిదు నెలలు ఏడేళ్ళ బిడ్డ తన తల్లిని పిన్నీ అని పిలిచేలా చేసింది నేను రాసిన నియమమే. ఆ తల్లి చేత అబద్ధం ఆడించిందీ అదే. ఆ వారమే దాన్ని తీసేయించాను. ఇప్పటికీ ఎవరైనా ‘నిజమైన అనాథలకే’ అంటూ నియమాలు రాస్తుంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

రెండో ప్రయత్నం 2008లో. పిల్లలు ఇళ్ళ దగ్గరే ఉండనిచ్చి, ఒక్కో బిడ్డకి ఒక్కో దాతని కుదిర్చాం. దాతకి బిడ్డ ఫోటో, బిడ్డకి యూనిఫాం, దుప్పటి, బూట్లు. దాతలకి ఇది బాగా నచ్చింది. దిశ సరైనదే అని నేనూ నమ్మాను. రెండు నెలల తర్వాత చూడటానికి వెళితే, ఒక అమ్మాయి ఒట్టి కాళ్ళతో బడికి పోతోంది. బూట్లు అమ్ముకున్నారేమోనన్న అనుమానంతో అడిగాను. వాళ్ళ అవ్వ నన్ను ఇంటి వెనక ‘న్ఖోక్వే’ దగ్గరికి తీసుకెళ్ళింది. అది వెదురు తడికెలతో అల్లిన గాదె. కంకుల కిందికి చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన బూట్ల జత బయటికి తీసింది. కొత్తవి కొత్తగానే ఉన్నాయి. ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఒక్కదాని కాళ్ళకే బూట్లుంటే మిగతా అయిదుగురు దాన్ని బతకనివ్వరు, పండక్కి వేస్తానులే అని దాచింది. ఆమెని అనుమానించినందుకు సిగ్గుపడ్డాను. ఒక ఇంట్లో ఒక్క బిడ్డకే ఇస్తే ఏమవుతుందో మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

మూడోది నా మీద నాకు ఇంకా కోపం తెప్పించే తప్పు. పిల్లల్ని ఇళ్ళకి పంపాలని తేలాక తొందరపడ్డాను. క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటే సంతోషంగా ఉంటారని డిసెంబరులో ఎనిమిది మందిని పంపాం. “వానలు వెళ్ళనివ్వండి, పంట రానివ్వండి” అన్నారు హెడ్‌మాస్టరు గారు. ఆయన మార్పుకి వెనకాడుతున్నారనుకున్నాను. అక్కడ వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. కొత్త మొక్కజొన్న చేతికొచ్చేది ఏప్రిల్‌లోనే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గాదెలు ఖాళీ. ఆ రోజుల్ని వాళ్ళు ‘న్జాల’ అంటారు, ఆకలి అని అర్థం. నేను సరిగ్గా ఆ ఆకలి నెలల ముందు, పిడికెడు గింజల కోసం వెతుక్కునే ఇళ్ళకి ఇంకో నోరు పంపించాను. ఫిబ్రవరికల్లా ఎనిమిది మందిలో అయిదుగురు తిరిగొచ్చేశారు. పదకొండేళ్ళ అమ్మాయి తమ్ముణ్ణి వీపున కట్టుకుని వానలో నడిచొచ్చింది. ఎవరూ తరిమెయ్యలేదు. తన వాటా కూడా చిన్నపిల్లలకి పోతుందిలే అని తనే బయల్దేరింది.

ఏది పనిచేసింది

ఆ అమ్మాయి వచ్చిన సాయంత్రం హెడ్‌మాస్టరు గారు నాతో అన్నారు: “మీరు అవ్వల్ని అడిగారు, తండ్రుల్ని వెతికారు. ఈ పిల్లలకి మేనమామ ఎవరని ఒక్కసారీ అడగలేదు.”

తెలుగువాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మనకి మేనమామ అంటే ఎంతో, అక్కడి చేవా జనానికి అంతకంటే ఎక్కువ. వాళ్ళది తల్లి వంశాన్ని పట్టుకుని నడిచే సమాజం. సంప్రదాయం ప్రకారం పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వస్తాడు. భార్య చనిపోతే తన ఊరికి వెళ్ళిపోతాడు, పిల్లలు తల్లి తరఫు వాళ్ళ దగ్గరే ఉంటారు. మా రిజిస్టరులో 15 మంది తండ్రులు ‘వదిలేసి పోయినవాళ్ళు’గా కనిపించడానికి సగం కారణం ఇదే. పొలం హక్కు కూడా తల్లి వైపు నుంచే వస్తుంది. పిల్లల మంచీ చెడూ చూడాల్సింది, వాళ్ళ తరఫున మాట్లాడాల్సింది తల్లి అన్నదమ్ములు.

ఇది తెలిశాక ఆశ్రమం చేస్తున్న ఇంకో నష్టం కనిపించింది. పదేళ్ళు ఇటుకల ఇంట్లో పెరిగి, పద్దెనిమిదేళ్ళకి బయటికొచ్చే పిల్లవాడికి ఆ ఊళ్ళో పొలం ఎవరిస్తారు? వాణ్ణి ఎరిగినవాళ్ళెవరు? తిండి పెడుతున్నామనుకుంటూ, రేపటి తిండికి ఉన్న ఒక్క ఆధారానికీ వాణ్ణి దూరం చేస్తున్నాం. బోర్డుని కదిలించింది ఈ వాదనే. అంతకుముందు పిల్లల మనసు గురించి ఎంత చెప్పినా తల ఊపారు, అంతే.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఒక్కో బిడ్డకి ఒక్కో సమావేశం. ఊరి పెద్ద, మేనమామ, అవ్వ, తండ్రి ఉంటే అతనికీ కబురు. బిడ్డతో ముందుగా విడిగా మాట్లాడేవాళ్ళం. పెద్దల ముందు ఏ బిడ్డా నిజం చెప్పలేదు. ఎవరింట్లో పడుకుంటుంది, ఎవరు వండుతారు, జ్వరమొస్తే ఎవరు ఆసుపత్రికి మోస్తారు, తల్లి పొలం ఏది అన్నవి చిచేవాలో ఒక కాగితం మీద రాసుకునేవాళ్ళం. ఇళ్ళకి పంపడం మే నెల నుంచే, కోతలయ్యాక. దాతల డబ్బుతో ఆ ఇంటి మొత్తానికి వానలకి ముందే విత్తనాలు, ఎరువు ఇచ్చాం. దుప్పట్లు ఇస్తే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి వెళ్ళొచ్చేవాళ్ళం.

ఏ ఇంటికి సాయం చెయ్యాలన్న ప్రశ్నకి జవాబు ప్రభుత్వ పథకంలో దొరికింది. మ్చింజీ జిల్లాలో అప్పటికి, 2006 నుంచి, నెలనెలా నగదు ఇచ్చే ప్రయోగం నడుస్తుండేది. వాళ్ళు అనాథలున్నారా అని చూసేవాళ్ళు కాదు. బాగా పేదవైన, కష్టం చేసే చేతులు లేని ఇళ్ళని చూసేవాళ్ళు. ముసలమ్మ, ఆమె మీద ఆధారపడిన పిల్లలు ఉండే ఇల్లు అందులో దానంతటదే వస్తుంది. బిడ్డ నుదుటి మీద మసియే అన్న ముద్ర వెయ్యక్కర్లేదు. మేమూ అదే కొలత తీసుకున్నాం.

మేనమామలందరూ మంచివాళ్ళే అని చెప్పను. ఒక మేనమామ చాలా ఉత్సాహంగా వచ్చాడు. పన్నెండేళ్ళ మేనకోడలు పొగాకు చేలో పనికి కావాలన్నది రెండో ప్రశ్నకే బయటపడింది. పంపలేదు. ఇంకో ఇంట్లో దెబ్బలు పడుతున్నాయని తెలిసి బిడ్డని వెనక్కి తెచ్చుకున్నాం. చుట్టాలున్నారని చెప్పి కళ్ళు మూసుకుని పంపెయ్యడం కూడా ఒక రకంగా వదిలెయ్యడమే.

మా స్థాపకురాలు నర్సమ్మకి ఇదంతా మొదట్లో చాలా బాధ కలిగించింది. తను కట్టిన ఇల్లు ఖాళీ అవుతోంది కదా. ఆమెని మళ్ళీ నిలబెట్టింది ఆమె అసలు విద్యే. తల్లి బతికున్న 9 మంది పిల్లల్లో ముగ్గురి తల్లులు హెచ్‌ఐవీతో మంచం పట్టినవాళ్ళు. ‘ఎలాగూ పోతాను’ అని పిల్లల్ని ముందే అప్పగించేశారు. మలావీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2004 నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు ఉచితం. అంతకు మూడేళ్ళ ముందు, 2001లో, మన సిప్లా కంపెనీ మూడు మందుల చికిత్సని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ముందుకొచ్చింది. పేద దేశాలకి ఆ దారి తెరుచుకోవడంలో ఆ మాటకి పెద్ద పాత్ర ఉంది. అక్కడి క్లినిక్ అలమారలో కొన్ని డబ్బాల మీద హైదరాబాద్ అన్న పేరు చూసి నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మందు ఉచితమే. క్లినిక్ మాత్రం నడిచి వెళ్ళలేనంత దూరం. సైకిల్ టాక్సీకి, మినీబస్సుకి ఛార్జీ లేక ఆ తల్లులు ఆగిపోయారు. నర్సమ్మ వాళ్ళని తనే తీసుకెళ్ళింది, ప్రతి నెలా. ఒక తల్లిని కాపాడలేకపోయాం. మిగతా ఇద్దరూ ఏడాదిలో లేచి పొలం పని చేసుకున్నారు, పిల్లలు ఇంటికి వెళ్ళారు. ఆ ఛార్జీలన్నీ కలిపినా, ఒక బిడ్డని ఆశ్రమంలో ఒక ఏడాది ఉంచే ఖర్చులో చిన్న ముక్క.

వంటశాల మూసెయ్యలేదు. ఊళ్ళో అయిదేళ్ళలోపు పిల్లలందరికీ, అనాథలైనా కాకపోయినా, పొద్దున్నే అక్కడ సోయా కలిపిన ఫాలా పెట్టడం మొదలైంది. తల్లులు వంతుల వారీగా వచ్చి వండేవాళ్ళు.

దాతల సంగతి

దీన్ని చిన్నది చేసి చెప్పలేను. రెండో భవనం డబ్బు వెనక్కి ఇచ్చేశాం. మొదటి ఏడాది చందాలు మూడో వంతు పడిపోయాయి. ఫోటోలో భవనం కనిపిస్తుంది, భవనం ముందు వరసగా నిలబడ్డ పిల్లలు కనిపిస్తారు. ఎరువు బస్తాకి, బస్సు ఛార్జీకి ఫోటో ఏముంటుంది? నర్సమ్మ భర్త ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆ గోడల్లో ఆయన చెమట ఉంది. చివరికి దాతలందరికీ ఉత్తరం రాసింది నర్సమ్మే. వరండాలో చూసిన ఆ పిల్లాడి సంగతి మళ్ళీ చెప్పి, ఆ రోజు తాను అడగని ప్రశ్న రాసింది: వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళడానికి ఆ ఆసుపత్రికి ఎవరు వస్తున్నారు? నిజానికి ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళ పెద్దమ్మ వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళిందని 2008లో మాకు తెలిసింది. వాళ్ళిద్దరూ మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. పెద్దమ్మ దగ్గరే పెరిగారు. ఆ ఉత్తరం తర్వాత వెళ్ళిపోయిన దాతల్లో కొందరు తిరిగొచ్చారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి

పిల్లల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ సేవ్ ద చిల్డ్రన్ 2009లో చెప్పిన లెక్క ప్రకారం, ప్రపంచంలో ఇలాంటి సంస్థల్లో ఉన్న పిల్లల్లో అయిదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు కూడా వచ్చాయి. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డని కుటుంబం నుంచి వేరు చెయ్యకూడదని అందులో స్పష్టంగా ఉంది. కెన్యా 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్లే ఆపేసింది. కాబట్టి ఇప్పుడు స్థలం కొని భవనం కడతామని వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మొదటి ఏడాది ఏమీ కట్టకండి. ఆ ఊళ్ళో ఇప్పటికే పిల్లల్ని సాకుతున్నది ఎవరో కనుక్కోండి, వాళ్ళకి ఏది తక్కువైందో అడగండి. ఆకలి నెలలు ఏవో తెలుసుకోండి. బంధుత్వాలు తెలిసిన స్థానికుడు మీ బోర్డులో ఉండాలి, ఆయన ‘ఆగండి’ అంటే ఆగాలి. నేను ఆగనందువల్లే అయిదుగురు పిల్లలు ఆకలితో తిరిగొచ్చారు.

2010లో నేను వచ్చేసేనాటికి 41 మందిలో 33 మంది ఇళ్ళల్లో ఉన్నారు. ఇద్దరు పెద్దపిల్లలు హాస్టలున్న సెకండరీ స్కూల్లో, సెలవులకి మేనమామ ఇంట్లో. ఆరుగురు ఇటుకల ఇంట్లోనే ఒక పెంపుడు తల్లితో ఉన్నారు: నా అనేవాళ్ళు లేని నలుగురు, ఇంటికి పంపడం క్షేమం కాని ఇద్దరు. ఈ ఆరుగురి విషయం నేను పూర్తి చెయ్యలేకపోయాను. తల్లి వంశం తెలియని బిడ్డకి పొలం ఏ వైపు నుంచి రావాలి? హెడ్‌మాస్టరు గారు రెండేళ్ళు తిరిగి, తిరిగి, ఆ ఆరుగురిలో పెద్దవాళ్ళిద్దరికీ చెరో పొలం ముక్క ఇవ్వడానికి ఊరి పెద్దని ఒప్పించారు. నేను బయల్దేరే ముందు రోజు కూడా ఆయన మిగతా నలుగురి పేర్లున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ ఆ పెద్ద ఇంటికే వెళుతున్నారు.